ఎర్రజుట్టు రాక్షసుడి పద్యం

మొన్న వారపత్రిక నుంచి ఒక కుర్ర సబ్ ఎడిటరు ఫోన్ చేశాడు. గొంతులో మర్యాద ఉంది. మర్యాద వెనక కాస్త విసుగూ ఉంది.

“సార్, మీ కథ బాగుందండి. ఒక్క చిన్న మార్పు. అందులో ఎర్రజుట్టువాడు ఉన్నాడు కదా, వాడికి నల్లజుట్టు పెట్టుకోవచ్చాండి?”

“ఎందుకు బాబూ?”

“మనవైపు ఎర్రజుట్టు వాళ్ళు ఉండరు కదండీ. చదివేవాళ్ళు నమ్మరు. పైగా మీ పాత కథలన్నీ తీసి చూశాను సార్. ప్రతి దాంట్లోనూ ఎవడో ఒక ఎర్రజుట్టువాడు వస్తాడు. దొంగైనా వాడే గెలుస్తాడు, దొరైనా వాడే గెలుస్తాడు. బొమ్మలు వేసే ఆయన కూడా అడుగుతున్నారు, ఈయనకేంటండీ ఈ ఎర్రరంగు పిచ్చి అని.”

నేను అప్పుడే ఒక పెద్దకర్మ భోజనం చేసి వచ్చి కూర్చున్నాను. “జుట్టు మార్చేది లేదు. కావాలంటే మిగతా కథంతా మార్చుకో” అని ఫోన్ పెట్టేశాను. ఆ పెద్దకర్మ ఎవరిదో ఆ అబ్బాయికి చెప్పలేదు. మీకు చెబుతాను. ఎందుకంటే నాకొక పగ ఉంది. ఇన్నాళ్ళూ దాన్ని కథల్లో చాటుమాటుగా తీర్చుకుంటూ వచ్చాను. ఇప్పుడిక చాటు అక్కర్లేదు.

మొగల్తూరు దాటి సముద్రం వైపు వెళితే వచ్చే పల్లెల్లో ఒకదాంట్లో ఉండేవాడాయన. చేపలవేట ఆయన పని. పుట్టుకతోనే ఎర్రజుట్టు. గోరింటాకు ఎరుపు కాదు, ఎండకు వెలిసిన ఎరుపూ కాదు. రాగిచెంబును చింతపండుతో తోమి ఎండలో బోర్లిస్తే ఎలా ఉంటుందో అలా ఉండేది తల. నేను కోతలు కోస్తానని మా ఊళ్ళో పేరుంది కాబట్టి కొంచెం జాగ్రత్తగానే చెబుతాను. ఆయన రోడ్డు పక్కన నిలబడితే నరసాపురం బస్సు డ్రైవర్లు బ్రేకు వేసేవారు. మంచు కమ్మిన ఉదయాల్లో వేటకు పోయిన పడవలు ఆయన తలను చూసి రేవు ఆనవాలు పట్టేవి. ఒకసారి ఎవరిదో పందెం పుంజు ఆయన తలమీదెక్కి, ఎదురు పుంజు దొరికిందనుకుని కాలు దువ్వింది. మూడోది నేను కాస్త పెంచాను. మొదటి రెండూ మీరే వెళ్ళి వాకబు చేసుకోండి.

పూర్వం నరసాపురం రేవుకు వలందా దొరల, అంటే డచ్చివాళ్ళ, ఓడలు వచ్చేవట. “మీ ముత్తాతల్లో ఎవడో వలందా దొర అయ్యుంటాడ్రా” అని ఎవరైనా గిల్లితే ఆయన కోపం తెచ్చుకునేవాడు కాడు. ముందు అరచేత్తో తలమీద ఒకసారి నిమురుకునేవాడు. ఏ మాట చెప్పాలన్నా ఆ నిమరడం అయ్యాకే.

“ఆయ్, ఓడ మునిగిందంటండి. దొర పోయాడంట. జుట్టొకటీ ఈదుకుంటా ఒడ్డుకొచ్చి మా ఇంట్లో దూరిందండి.”

ఇలాంటి మనిషి హాయిగా చేపలు పట్టుకుంటూ బతకాల్సింది. కానీ మన కథల్లో ఒక నియమం ఉంది. రాజుకు నల్లటి ఉంగరాల జుట్టు. మునికి తెల్లది. రాక్షసుడికి ఎర్రది. ఎవరు పెట్టారో తెలియదు. ఎర్రజుట్టుతో పుట్టి మంచివాడిగా పెరిగిన మనిషిని నేను ఏ స్టేజీ మీదా చూడలేదు.

ఆయన పల్లెకు సైకిలు దూరంలో మా ఊరు. ఏటా షష్ఠికి జరిగే తీర్థం జాతరలో పద్యనాటకం ఆడేవారు. గోదావరిని మింగి కూర్చున్న రాక్షసుణ్ణి ఒక రాజు చంపి నది విడిపించే కథ. ఊరివాళ్ళే ఎప్పుడో రాసుకున్నది. రాక్షసుడి విగ్గు రాజమండ్రి నుంచి మేకప్ ఆయన తెచ్చేవాడు. జనపనారకు ఎర్రరంగు ముంచి చేసింది. ఒక ఏడు ఆ విగ్గు పెట్టె వేరే బస్సెక్కి తుని వెళ్ళిపోయింది. తెర లేవాలి, రాక్షసుడు బోడిగుండుతో కూర్చుని ఏడుస్తున్నాడు. నేను సైడు వింగులో స్క్రిప్టు పట్టుకుని పాత్రలకు మాట అందించేవాణ్ణి. అందుకే ఆ చుట్టుపక్కల నన్ను పుస్తకం గారు అంటారు. తెర సందులోంచి చూస్తే జనం మధ్య దీపంలా ఆయన తల కనిపించింది. కమిటీ వాళ్ళు వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. “నువ్వు ఊరికే నిలబడరా, మిగతాది నీ జుట్టు చూసుకుంటుంది” అన్నారు.

ఆ రోజుతో ఆయన జాతకం తేలిపోయింది. ఏటా రాక్షసుడు ఆయనే.

“ముందు జుట్టు చూత్తారండి. తర్వాత దానికి సరిపడా పాపం ఎతుకుతారండి” అన్నాడు నాతో ఒకసారి, మొహానికి నీలం రంగు పూయించుకుంటూ. నవ్వుతూనే అన్నాడు.

రాజు వేషం సంగతి వేరు. అది స్టేజీ ఖర్చు భరించినవారికే. అంటే మునసబు గారబ్బాయికే. మునసబు పదవులు పోయి ఎంతకాలమో అయింది, ఆ అబ్బాయికి అరవై దగ్గరపడింది, అయినా ఊరికి ఆయన మునసబు గారబ్బాయే. మా చుట్టుపక్కల చేపల చెరువుల్లో పెద్దవన్నీ ఆయనవే. కిరీటం పెట్టుకుంటే కుదిరినట్టుండేది. నోరు తెరిస్తే మాత్రం కప్పకు జలుబు చేసినట్టుండేది. పగబట్టి రాస్తున్నాడని మీరనొచ్చు. ముందే ఒప్పుకున్నాను కదా.

నాటకం చివర్లో రాజు రాక్షసుణ్ణి జుట్టు పట్టుకుని ఈడ్చి కత్తి ఎత్తాలి. విగ్గుల కాలంలో ఇది మెల్లగా చేసేవారు. గట్టిగా లాగితే విగ్గు చేతిలోకొచ్చి నవ్వులపాలవుతారు. ఇప్పుడు నిజం జుట్టు దొరికింది. మునసబు గారబ్బాయి గుప్పిటనిండా పట్టి స్టేజీ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా లాగేవారు. జనం ఈలలు వేసేవారు. కుచ్చుకు కుచ్చు ఊడొచ్చేది. నాటకం అయ్యాక రాక్షసుడు స్టేజీ మీద ఒంగుని ఆ వెంట్రుకలన్నీ ఏరుకుని కండువాలో మూట కట్టుకునేవాడు. గాలాలకు కట్టేవాడట. ఆ ఎర్ర కుచ్చు నీళ్ళలో కదిలితే పండుగప్ప చేపలు వరసలో నిలబడేవట.

“పీకింది బాబుగారండి. తిన్నది నేనండి” అనేవాడు.

జుట్టు సంగతి ఆయన ఇలా సరిపెట్టుకున్నాడు. సరిపెట్టుకోలేనిది ఇంకొకటుంది. చచ్చేముందు రాక్షసుడికి ఒక పద్యముంది. నాటకం మొత్తంలో రాక్షసుడు పాడేది అదొక్కటే. మొదటి ఏడు రిహార్సల్లో ఆయన దాన్ని పాడాడు. హోరుగాలిలో పక్క పడవను పిలిచి పిలిచి తేలిన గొంతు. హార్మోనియం వాయించే ఆయన మెట్ల మీద వేళ్ళు పెట్టి అలాగే ఉండిపోయాడు. మునసబు గారబ్బాయి కాఫీ గ్లాసు కింద పెట్టి, “నాటకం మరీ పొడుగైపోతోందండీ” అన్నారు. అంతే. స్టేజీ మీద ఏ ఏడూ ఆ పద్యం వినబడలేదు. రాక్షసుడు నోరు తెరవడమేమిటి, రాజు కత్తి దించడమేమిటి.

ఏటా తీర్థం ముందు ఆయన కండువా తీసి చేత్తో పట్టుకుని మునసబు గారబ్బాయి దగ్గరికి వెళ్ళేవాడు.

“బాబుగారండి, ఈ ఏడన్నా నా పద్యం పాడనిత్తారాండి?”

“చచ్చేవాడికి పద్యమెందుకురా? కిందపడితే చాలు. నువ్వు బాగా పడతావు.”

“ఆయ్.”

మా గోదావరి వాళ్ళ ‘ఆయ్’ వినయంగా ఉంటుంది. అది విని పని అయిపోయిందనుకుని నిద్రపోయిన పెద్దమనుషులు చాలామంది ఉన్నారు.

ఒక ఏడు మునసబు గారబ్బాయి కొత్త కారు కొన్నారు. లారీలకు దిష్టి తగలకుండా నల్లటి కుచ్చులు వేలాడదీస్తారు కదా. తీర్థం మర్నాడు ఆయన తన కారు ముందు బంపరుకు ఒక కుచ్చు కట్టించారు. ఎర్రది. ముందురోజు స్టేజీ మీద ఊడొచ్చినది. ఏరుకోనివ్వకుండా ఆ ఏడు తనే గుప్పిట్లో పట్టుకుపోయారు. ఆ కారేసుకుని చెరువులు చూడ్డానికి పల్లె మీదుగా వెళ్ళారు. నేనూ ఆ పూట అక్కడే ఉన్నాను, చేపలు కొందామని. పిల్లలు కారు వెంట పరిగెడుతూ, “తాతోయ్, నీ జుట్టు పోతంది, నీ జుట్టు పోతంది” అని కేకలు.

ఆయన వల బాగుచేసుకుంటున్నాడు. తలెత్తి చూశాడు. మళ్ళీ వల చూసుకున్నాడు. ఆయన భార్య చేపల గంప దించింది. ఊరూరా తిరిగి చేపలమ్మే మనిషి, నోరున్న మనిషి.

“ఏంటయ్యా అలా చూత్తా కూకున్నావు? ఎల్లి పీక్కురా!”

ఆయన తల నిమురుకున్నాడు. “పీక్కొత్తే ఎంటికలొత్తాయే. నాకు పద్యం కావాల.”

ఆవిడ కారు వెళ్ళిన వైపు చూసింది. గంప నెత్తినెత్తుకుని వెళ్ళిపోయింది. అంత నోరున్న మనిషి మాట్లాడకుండా వెళ్ళడం చూసి నాకెందుకో మునసబు గారబ్బాయి మీద జాలేసింది.

మరుసటి ఏడు తీర్థం దగ్గరపడుతుండగా ఆవిడ మా గుమ్మంలో గంప దించింది.

“పుస్తకం గారండి, ఒక్క మాటండి. జనం వన్సుమోరంటే రాజైనా కాదనకూడదంట కదండి?”

ఇది తెలియనివాళ్ళకు చెప్పాలి. మావైపు పద్యం నచ్చితే జనం “వన్స్ మోర్” అని అరుస్తారు. పాత్రధారి మళ్ళీ పాడి తీరాలి. కాదంటే జనాన్ని అవమానించినట్టే. అలా కాదన్న నటుడు మా తీర్థంలో మళ్ళీ మేకప్ వేసుకోలేదు.

“అనకూడదమ్మా” అన్నాను.

“పద్యానికేనాండి? చావుక్కూడా అనొచ్చాండి?”

నేను బేరం చేస్తున్న చేపను మళ్ళీ గంపలో పెట్టాను. “అనకూడదని ఎక్కడా రాసిలేదు” అన్నాను.

“అయితే ఆ చేప ఉంచేసుకోండి. బేరం వద్దు.”

ఆ తర్వాత ఆవిడ చేపలమ్మిన ప్రతి వీధిలోనూ ఏం చెప్పిందో నాకు తెలియదు. తీర్థం రోజు మాత్రం తెలిసింది. మైకు పర్మిషన్ల గొడవ వచ్చాక మా నాటకం పొద్దు వాలకముందే మొదలయ్యేది. తెర లేవకముందే ముందు వరసలన్నీ ఆడవాళ్ళే. ఆటోలు మాట్లాడుకుని సముద్రం ఒడ్డు పల్లెలన్నీ వచ్చి కూర్చున్నాయి. ఒళ్ళో పిల్లలు, చేతుల్లో మరమరాల పొట్లాలు. మునసబు గారబ్బాయి తెర సందులోంచి చూసి, “ఈసారి నన్ను చూడ్డానికి ఆడవాళ్ళు తెగ వచ్చారయ్యా” అన్నారు. “మరేనండి” అన్నాను.

నాటకం ఎప్పటిలాగే నడిచింది. చివరి రంగం వచ్చింది. రాజు జుట్టు పట్టాడు, ఈడ్చాడు. రాక్షసుడు నోరు తెరిచాడు. కత్తి దిగింది. రాక్షసుడు పడ్డాడు.

ఆయన భార్య లేచి నిలబడి, సముద్రం దాకా వినబడేలా అరిచింది. “వన్సుమోర్!”

వెంటనే ముందు వరసలన్నీ అందుకున్నాయి. “వన్సుమోర్! రాజుగారి దెబ్బ వన్సుమోర్!”

మునసబు గారబ్బాయికి జన్మలో మొదటి వన్స్ మోర్. మీసం సవరించుకుని దణ్ణం పెట్టారు. చచ్చిన రాక్షసుడు లేచి దుమ్ము దులుపుకుని మర్యాదగా తల వంచాడు. మళ్ళీ పట్టు, మళ్ళీ ఈడుపు, మళ్ళీ కత్తి. మళ్ళీ వన్స్ మోర్. మళ్ళీ లేచాడు. రాజుగారు ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

మళ్ళీ వన్స్ మోర్ అనేసరికి నవ్వు తగ్గింది. అక్కడి నుంచి కిరీటం ఒక పక్కకు ఒరగడం, మేకప్ చెమటకు కారి మెడలో దండ మీద పడడం మొదలైంది. రాక్షసుడు మాత్రం ఒక్కో చావుకీ ఒక్కో అందం తెస్తున్నాడు. ఒకసారి తుఫానుకు కొబ్బరిచెట్టు పడ్డట్టు నిలువునా పడ్డాడు. ఒకసారి నీళ్ళమీద వల పరుచుకున్నట్టు మెల్లగా దిగాడు. ఒకసారి గట్టు మీద పడ్డ రొయ్యలా ఎగిరెగిరి పోయాడు. దానికి మగవాళ్ళ వైపు నుంచి కూడా వన్స్ మోర్ వచ్చింది. లేచి రాజుగారి దగ్గరికి తనే వెళ్ళి, “పట్టుకోండి బాబుగారూ” అని జుట్టు అందిస్తున్నాడు.

“తెర దించవయ్యా!” అన్నారు మునసబు గారబ్బాయి నావైపు తిరిగి, గొంతు రాక.

“తాడు చిక్కుపడిందండి” అన్నాను. నేను ఆ తాడు మీదే కూర్చుని ఉన్నాను.

ఆయన జనం వైపు తిరిగి చాలు అన్నట్టు చెయ్యి ఊపారు. ముందు వరసలో ఒకావిడ నోటికి కొంగడ్డం పెట్టుకుంది. “అయ్యో, రాజుగారికి ఆయాసమొచ్చేసిందమ్మా! ఎవరన్నా గోలీసోడా కొట్టండి!”

పక్కావిడ అందుకుంది. “చెరువు గట్టున మా ఆయన్ని కర్రట్టుకుని తరిమినప్పుడు రాలేదేంటండి ఈ ఆయాసం?”

జనమంతా నవ్వారు. ఆయన దిగిపోలేరు, చంపలేరు. చివరికి జుట్టు పట్టుకున్నారు. కత్తి ఎత్తబోయారు. అట్ట కత్తి, వెండి కాగితం అంటించిన అట్ట. అది లేవలేదు. చెయ్యి దానంతటదే వదులైంది. సింహాసనం మీద కూలబడి, నోరు తెరుచుకుని గాలి పీల్చుకుంటున్నారు.

రాక్షసుడు వంచిన మెడ అలాగే ఉంచి కాసేపు చూశాడు. కత్తి రాలేదు. నిటారుగా లేచాడు. హార్మోనియం వాయించే ఆయన వైపు తిరిగాడు. ఆయన శ్రుతి ఇచ్చాడు, ఇన్నేళ్ళుగా వేళ్ళల్లో పెట్టుకుని ఉన్నట్టు. పుస్తకం తెరిచి మొదటి మాట అందిద్దామని చూశాను. నాతో పనే లేకపోయింది.

ఆ పద్యం ఇక్కడ దించితే గొంతు రాదు కాబట్టి అర్థం చెబుతాను. రాజా, నా తల ఎర్రనిదని చంపుతున్నావు. పొద్దుపొడుపుకూ అదే రంగు, దాన్నెవరు చంపుతారు? నేను ఉన్నాను కాబట్టి నువ్వు వీరుడివి. నేను పోయాక నీకు పనేమిటి? నిన్ను చూడ్డానికి వచ్చేదెవరు?

చివరి రాగం తీస్తున్నప్పుడు ఆయన జనం వైపు చూడలేదు. సింహాసనం వైపే చూస్తూ పాడాడు. ఆ చూపులో వినయం వెతికాను. లేదు. ఆ చూపు తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు నిండుతుంది.

 ఊళ్ళకు ఊళ్ళే లేచి వన్స్ మోర్ అన్నాయి. ఆయన చేతులు జోడించాడు.

“వద్దండి. చచ్చేవోడికి పద్యం ఒక్కసారే ఉండాలండి.”

జనం మాట కాదన్నాడు. కాదన్నవాడు మళ్ళీ స్టేజీ ఎక్కకూడదని ఆయనకూ తెలుసు. నడుముకున్న కండువా విప్పి స్టేజీ మీద పరుచుకుని, సర్దుకుని పడుకుని, తనే కళ్ళు మూసుకున్నాడు. ఎవరూ చంపలేదు. అప్పుడు నేను తాడు మీంచి లేచాను.

మర్నాడు కారు బంపరుకు ఎర్ర కుచ్చు లేదు. కాకులెత్తుకుపోయాయని మునసబు గారబ్బాయి చెప్పుకున్నారు. కారు డ్రైవరు ఇంట్లో ఆ పూట పండుగప్ప పులుసు వాసన వచ్చిందని నేను చెబుతున్నాను. పై ఏడు విగ్గు పెట్టిన రాక్షసుణ్ణి దించారు. జనం సగంలో లేచిపోయారు. ఆ పై ఏడు నాటకమే లేదు.

ఆయన తల చివరిదాకా నెరవలేదు. వేట నుంచి వచ్చి, అరుగు మీద కాస్త నడుం వాల్చాడట. పెద్దకర్మ రోజు ఆయన భార్య నా విస్తట్లో చేపముక్క వేస్తూ చెప్పింది. “కదిపి చూశానండి. వన్సుమోరని కూడా అన్నానండి. లెగలేదు.” అని, ఇంకో ముక్క వేసింది. “మీరు పేపర్లో రాత్తారంట కదండి. పేరెయ్యకండి. జుట్టు రాయండి చాలు. ఈ జిల్లాలో ఇంకోడికుందేంటి?”

చెయ్యి కడుక్కుని వస్తుంటే పందిరి బయట ప్లాస్టిక్ కుర్చీలో మునసబు గారబ్బాయి. చేతికర్ర వచ్చింది. నన్ను పక్కకు పిలిచారు.

“నీ కథలు పత్రికల్లో వస్తాయంట కదయ్యా. మన నాటకం గురించి రాయకూడదూ? వాడు ఏటా నా చేతిలోనే పోయేవాడని రాయి. ఆ ఒక్క ఏడు సంగతి వదిలెయ్యి, జనం ఎప్పుడో మర్చిపోయారు. ఇప్పటి కుర్రాళ్ళకి నేనెవరో తెలీదయ్యా. మునసబు గారబ్బాయి అని రాయకు, నా పేరు పూర్తిగా వెయ్యి.”

“తప్పకుండానండి బాబుగారూ” అన్నాను.

ఇంటిపేరు చెప్పించుకున్నాను. అసలు పేరు చెప్పించుకున్నాను. ముందు శ్రీ ఉండాలా, చివర గారు ఉంటే చాలా అని అడిగాను. రెండూ ఉండాలన్నారు. పందిట్లో గోలగా ఉంది, సరిగా వినబడలేదు, మళ్ళీ చెప్పండన్నాను. కర్ర ఆనించుకుని లేచి, నా చెవి దగ్గరకొచ్చి, ఒక్కో అక్షరం విడదీసి చెప్పారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి పాపం.

మీరు ఇంతదూరం చదివారు కదా. ఆ పేరు ఎక్కడైనా కనిపించిందా?